మరమ్మతు పనివారి గౌరవార్థం మా వీధిలో కళా కార్యక్రమం: గోడ మీది బొమ్మలు చాలా, ఇంకేమైనా చేయాలా?

ప్రశ్న: రాంనగర్ నివాసి

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదులో ముషీరాబాద్‌కూ రాంనగర్‌కూ నడుమ ఉన్న ఒక పాత వీధి. పెద్ద రోడ్డుకు లోపలగా ఉండటం వలన కాబోలు, నగరంలో చాలాచోట్ల కనుమరుగైన కొన్ని పనులు ఇక్కడ ఇంకా సాగుతున్నాయి. వీధి మొదట్లో ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి (లోపలి తగరపు పూత) వేసే కుటుంబం ఒకటి ఉంది. వారికి ఎదురుగా ఒక ఇంటి మెట్ల కింద గడియారాలు బాగుచేసే ఆయన, ఆ పక్కనే చిరిగిన చోటు కంటికి కనిపించకుండా రఫూ చేసే పెద్దాయన, కాస్త ముందుకు వెళితే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసి మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం, మలుపులో చెప్పులు కుట్టే ఆయన ఉంటారు. కత్తులకు, కత్తెరలకు సాన పట్టే ఆయన వారానికి రెండుసార్లు సైకిలు మీద వస్తారు.

మా సంక్షేమ సంఘమూ, దగ్గరలోని కళాశాల విద్యార్థులు కొందరూ కలిసి వీరందరినీ గౌరవించేలా వీధిలోనే ఒక కళా కార్యక్రమం చేయాలని అనుకుంటున్నాము. మొదట వచ్చిన ఆలోచన ఏమిటంటే, వీధి పొడవునా ఉన్న ప్రహరీ గోడ మీద వీరి ముఖచిత్రాలను పెద్దవిగా వేయించడం. గోడ యజమాని నోటిమాటగా ఒప్పుకున్నారు, రంగులు ఇస్తామని ఒకరు ముందుకు వచ్చారు, చందాలు లక్ష రూపాయల వరకు వసూలవుతాయని అంచనా. అయితే ఈ సంగతి చెప్పగానే గడియారాల ఆయన నవ్వి, “బొమ్మ వేస్తే గిరాకీ వస్తుందా సారూ?” అని అడిగారు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

సంఘంలో మరొక వాదన కూడా నడుస్తున్నది. మిక్సీ బాగుచేయడం పనే కానీ కళ కాదనీ, కార్యక్రమానికి నిండుదనం రావాలంటే బిద్రీ (నల్లని లోహం మీద వెండి పొదిగే పని), లక్క గాజులు, చేర్యాల నకాషీ చిత్రాలు (గుడ్డ మీద వేసే కథల పటాలు) వంటి సంప్రదాయ హస్తకళలను కూడా పిలిపించాలనీ కొందరు పెద్దలు అంటున్నారు. ఆ కళలపై మాకూ గౌరవమే, కానీ అవి మా వీధివి కావు. ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా ఈ వృత్తుల్లో ఉన్న కుటుంబాలవారు, ఈ సొమ్మును ఎలా ఖర్చుపెడితే అసలైన వారికి చేరుతుందో, అనుమతుల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: బోర్డుల పెయింటరు

నమస్కారమండీ. నేను చిన్నప్పటి నుంచి బోర్డులు రాసే పనిలోనే ఉన్నాను, ఇప్పుడు ఎక్కువగా బడులకు, గుడులకు గోడల పని చేస్తున్నాను. మీరు చెప్పిన వారిలో ఒక పనివాడు లోపించాడు. అతను బోర్డు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత మా పని ఎంతగా పడిపోయిందో మీకు తెలియనిది కాదు. ఛత్తా బజారులో పెళ్లిపత్రికలకు అందమైన ఉర్దూ దస్తూరీ రాసేవారికి కంప్యూటరు వలన ఏ గతి పట్టిందో, తెలుగు అక్షరం రాసే మాకూ అదే గతి పట్టింది. పాత వృత్తులను గౌరవించే గోడను మరొక పాత వృత్తివాడి చేత రాయించకుండా, బయటినుంచి చిత్రకారుణ్ణి పిలిచి, అతనికి విమానం టికెట్టు కొనిపెట్టి వేయించడంలో నాకు న్యాయం కనబడదు. మీ పేటలోనే వెతకండి, మావాళ్లు దొరుకుతారు.

గడియారాల ఆయన అడిగినది చాలా సరైన ప్రశ్న. ముఖచిత్రాన్ని చూసి దారిన పోయేవారు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. అదే చోట “గోడ గడియారాలు, చేతి గడియారాలు, కీ ఇచ్చే పాత అలారం గడియారాలు బాగుచేయబడును, ఉదయం పది నుంచి రాత్రి ఏడు వరకు, శుక్రవారం సెలవు” అని గుండ్రని అక్షరాలతో, పక్కన విప్పి పెట్టిన గడియారపు చక్రాల బొమ్మతో రాస్తే, అది చూసినవాడికి అటక మీద ఆగిపోయి పడి ఉన్న తాతగారి గడియారం గుర్తుకొస్తుంది. ఈ రోజుల్లో చాలామంది పాడైనది పారేసేది డబ్బులెక్కువై కాదు, బాగుచేసేవారు ఇంకా ఉన్నారని తెలియక.

తెలుగు రాతలో ఒక సంగతి విద్యార్థులకు ముందే చెప్పండి. మేము సుద్దపొడి అద్దిన దారాన్ని గోడకు ఆ చివరా ఈ చివరా పట్టి లాగి వదిలి గీతలు కొడతాము. ఇంగ్లీషు అక్షరాలకు రెండు గీతలు కొడితే సరిపోతుంది. తెలుగులో పైన గుడికీ ఏత్వానికీ చోటు కావాలి, కింద వత్తుకు చోటు కావాలి, కాబట్టి నాలుగు గీతలు కొట్టుకుని, అసలు అక్షరాన్ని నడిమి రెండింటి మధ్య నిలబెట్టాలి. ఈ లెక్క తెలియకపోతే “కుట్టబడును” అన్న మాటలోని ట వత్తు కింది వరసలోని గుడిలోకి దూరిపోతుంది. ఫ్లెక్సీల మీద రోజూ చూస్తున్నదే కదా.

ఇక గోడ సంగతి. పాత ప్రహరీలకు నేలలోని చెమ్మ మోకాలి ఎత్తు దాకా పైకి పాకుతుంది, దానితో పాటు ఉప్పు కూడా పైకి వచ్చి రంగును పొక్కులు పొక్కులుగా ఊడదీస్తుంది. అందుచేత అడుగున రెండడుగులు సున్నం వేసి వదిలేయండి, బొమ్మ ఆ పైనుంచే మొదలుపెట్టండి. వానలు పూర్తిగా వెనకబట్టి గోడ ఆరిన తరువాత, అంటే దసరా దాటాక, పని పెట్టుకోవడం మంచిది. గోడకు బయటి పూతకు వాడే అక్రిలిక్ ఎమల్షన్ వాడాలి. ఎనామిల్ రేకు బోర్డులకు బాగుంటుంది కానీ చెమ్మ గోడకు పనికిరాదు, అట్టలు కట్టి ఊడుతుంది. మన ఎండకు మెరిసే గులాబీ, నిమ్మపసుపు వంటివి ముందుగా వెలిసిపోతాయి. జాజు, గేరు వంటి మట్టిరంగుల ఛాయలు, నలుపు, తెలుపు చాలాకాలం నిలుస్తాయి. ఇచ్చే దాతను డబ్బాలు కొనే ముందే ఒకసారి మాట్లాడమనండి, లేకపోతే మిగిలిపోయిన రంగులన్నీ మీ గోడకు చేరతాయి.

జవాబు: చిత్రలేఖనం బోధించే ఒకరు

పై మిత్రుడు చెప్పిన సాంకేతిక విషయాలన్నిటితో ఏకీభవిస్తూనే, ముఖచిత్రాలను అంత తేలికగా తీసిపారేయడాన్ని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. రాజ్‌భవన్ వెనుక ఉన్న ఎం.ఎస్. మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేసినప్పుడు, అంతవరకు ఆ బస్తీలో అడుగుపెట్టని నగరవాసులు ఎంతోమంది అక్కడికి వెళ్లి చూశారు. రాజకీయ నాయకుల, సినిమా నటుల ముఖాలు తప్ప మరెవరి ముఖమూ పది అడుగుల ఎత్తున కనిపించని నగరంలో, చెప్పులు కుట్టే మనిషి ముఖం అంత ఎత్తున కనిపించడం దానికదే ఒక విలువ. గిరాకీ తేవడమొక్కటే బొమ్మ బాధ్యత కాదు.

అయితే ఎవరిని చిత్రిస్తున్నామో వారికి ముందుగా చిన్న నమూనా చూపించి, ఎలా కనిపించాలని ఉందో అడగాలి. చాలామంది పనివారు మాసిన బట్టలతో, వంగి కూర్చున్న భంగిమలో తమను చిత్రించడాన్ని ఇష్టపడరు. పండుగనాటి చొక్కా వేసుకుని నిలబడతామంటారు. చిత్రకారుడికి అది నచ్చకపోవచ్చు. అటువంటి సందర్భంలో పనివారి మాటే చెల్లాలి. పేరు రాయాలా వద్దా అన్నది కూడా వారి ఇష్టానికే వదిలి, సమ్మతిని కాగితం మీద తీసుకోండి.

జవాబు: కళాయి ఇంటి ఆడపడుచు

మా నాన్న కళాయి పని చేస్తారు, మా తాతదీ అదే పని. నేను ఉద్యోగంలో ఉన్నాను కానీ, పండుగల ముందు పని ఎక్కువైనప్పుడు ఇప్పటికీ బ్లోయరు చక్రం తిప్పడానికి కూర్చుంటాను. అందువలన కొంచెం వివరంగానే రాస్తాను.

ఒకసారి నగరంలో జరిగిన ఒక ఉత్సవానికి మా నాన్నను “కళాకారుడు” అని పిలిచారు. తీరా వెళ్లాక, పచ్చగడ్డి పాడవుతుంది కాబట్టి నిప్పు పెట్టకూడదని నిర్వాహకులు చెప్పారు. నిప్పు లేకుండా కళాయి ఎలా వేస్తారు? చల్లని గిన్నెను చేతిలో పట్టుకుని, దూదితో తుడుస్తున్నట్లు ఆయన సాయంత్రం దాకా కూర్చున్నారు, వచ్చినవారు ఫోటోలు తీసుకున్నారు. చివరన శాలువా కప్పారు, ఆ రోజు కూలి ఎవరూ అడగలేదు, ఇవ్వలేదు. మీ వీధిలో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

పని అసలు ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇందులో చూడవలసినదంతా నిప్పు దగ్గరే ఉంది. ముందుగా పాత్రను చింతపండుతో, ఇసుకతో, మరీ నల్లబడితే ఆమ్లంతో తోమి, లోపలి లోహం బయటపడేలా చేస్తారు. తరువాత బొగ్గుల మీద పెట్టి తిప్పుతూ కాస్తారు. సరైన వేడి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మా నాన్న కొంచెం నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లుతారు. గుప్పుమని తెల్లటి పొగ లేచి, ఆ చోట లోహం ఒక్కసారిగా శుభ్రపడి మెరుస్తుంది. వెంటనే తగరపు కడ్డీని తాకిస్తే అది వెన్నలా కరుగుతుంది. తగరం 232 డిగ్రీల వద్దే కరిగిపోతుంది కాబట్టి ఆ తరువాత ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు. దూది ఉండతో అడుగునుంచి అంచు దాకా ఒక్క ఊపున తుడవాలి. వేడి తక్కువైతే తగరం ముద్దలుగా నిలుస్తుంది, ఎక్కువైతే పసుపు, నీలం మచ్చలు పడతాయి. బాగా కుదిరితే ఎర్రటి రాగి గిన్నె లోపల రెండు మూడు క్షణాల్లో అద్దంలాంటి తెల్లదనం పరుచుకుంటుంది. చిన్నపిల్లలు నోరు తెరుచుకుని చూసేది ఆ క్షణాన్నే. ఏ గోడ బొమ్మా దీన్ని చూపించలేదు.

అందుకని నా సూచన ఏమిటంటే, ప్రదర్శన పెట్టకండి, పని ఇవ్వండి. కార్యక్రమానికి ముందు వారం రోజులు ఇంటింటికీ చెప్పి, అటకల మీద ఉన్న ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, గంగాళాలు కిందికి దింపించండి. చుట్టుపక్కల పెళ్లిళ్లకు బిర్యానీ వండే వంటవాళ్లుంటే వారి రాగి దేగులు కూడా తెప్పించండి. మా కుటుంబం లాంటివి ఇంకా నిలబడి ఉన్నాయంటే వారి వల్లనే. ప్రతి పాత్రకూ మామూలు ధర ఇవ్వాలి. సంఘం సొమ్ములోంచి బొగ్గు, తగరం ఖర్చును, ఒక రోజు కూలిని ముందుగానే పనివారి చేతిలో పెట్టాలి. తగరం ధర ఇప్పుడు మామూలుగా లేదు, చిన్న పనివాడు ముందుగా కొని పెట్టుకోలేడు. నవాసారం పొగ గొంతుకు మంచిది కాదు కనుక, గాలి ఎటు వీస్తున్నదో చూసి పిల్లలను పొగ పోయే వైపు కాకుండా గాలి వచ్చే వైపు నిలబెట్టండి. పక్కనే నీళ్ల బకెట్టు, ఇసుక ఉంచుకోండి. ఆమ్లం కలిసిన నీళ్లను మురికికాలువలో పోయనివ్వకుండా ఒక డ్రమ్ములో పట్టించి, సున్నం కలిపాక తీయించండి.

గోడ మీద ఏదైనా రాయాలనుకుంటే, వాడేవారికి తెలియని సంగతులు రాయండి. పులుపు వండే ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి ఎందుకు తప్పనిసరో, కళాయి వేసిన గిన్నెను ఖాళీగా పొయ్యి మీద ఎందుకు పెట్టకూడదో, ఇనుప పీచుతో తోమితే పూత ఎలా పోతుందో బొమ్మలతో వేస్తే అందరికీ ఉపయోగం. కొత్తగా ఇత్తడి పాత్రలు కొంటున్న అపార్ట్‌మెంట్ల వారిలో చాలామందికి ఇవేవీ తెలియవు. నెల తిరక్కుండానే పూత పోగొట్టుకుని, పనివాడు మోసం చేశాడంటారు.

జవాబు: హస్తకళల దుకాణదారు

మరమ్మతు పనీ, హస్తకళా వేరువేరన్న వాదన మీ సంఘంలో వచ్చిందన్నారు కాబట్టి ఆ ఒక్క విషయమే రాస్తాను. పై చెల్లెమ్మ చెప్పిన నవాసారాన్నే తీసుకోండి. బిద్రీ పనిలో జింకూ, కొద్దిపాటి రాగీ కలిపి పోతపోసిన పాత్ర మీద ఉలితో నగిషీ చెక్కి, అందులో వెండి తీగ కొట్టి, నున్నగా అరగదీసి, చిట్టచివర బీదరు కోట మట్టిలో నవాసారం కలిపిన ముద్దను వేడి పాత్ర మీద రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలబడుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్న హుక్కా బుడ్డి తయారైనదీ, మీ వీధి మొదట్లో బిందె మెరుగెక్కేదీ ఒకే పొడితో, ఒకే రకమైన వేడి అంచనాతో. ఒకటి కళ, మరొకటి వట్టి పని అని గీత గీయడం ఆ రెండూ చేతులతో చేయనివారికే సాధ్యమవుతుంది.

లక్క గాజులవారి సంగతి కొంత వేరు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, లాడ్ బజారుకు పర్యాటకులు ఎలాగూ వస్తారు. కుంపటి మీద మెత్తబడిన లక్కను కడ్డీగా సాగదీసి, వంచి, వేడి చల్లారకముందే ఒక్కొక్క రాయీ అద్దే ఆ పనివారికి గుర్తింపు కంటే కూలి రేటు పెద్ద సమస్య. వారిని మీ వీధికి పిలిపించి ఒక మూల కూర్చోబెట్టినందువల్ల వారికీ మీకూ పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కానీ చేర్యాల చిత్రకారులను పిలవాలన్న ఆలోచనను మాత్రం వదులుకోకండి, దానికి బలమైన కారణం ఉంది. నకాషీ చిత్రకారులు వేసిన ఆ పొడవాటి పటాలు రాజులకో జమీందార్లకో వేసినవి కావు. పనిచేసే కులాల కోసం వేసినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఇలా ఒక్కొక్క వృత్తివారి పుట్టుకథను పటం మీద వరుస వరుసలుగా బొమ్మకట్టించి, ఆ కులానికి కథ చెప్పే వారు ఊరూరా విప్పి చూపిస్తూ పాడేవారు. వృత్తి గొప్పదనాన్ని బొమ్మలతో చెప్పడం తెలంగాణకు కొత్త విషయం కానే కాదు. మిక్సీ బాగుచేసే వృత్తికి పురాణం లేదు, ఎందుకంటే ఆ వృత్తి పుట్టి ఎంతో కాలం కాలేదు. చేర్యాల చిత్రకారుడికి సరైన పారితోషికం ఇచ్చి, మీ వీధి వృత్తుల కథను ఎర్రని నేపథ్యం మీద ఒక పటంగా రాయించండి. కార్బన్ బ్రష్షు అరిగిన మోటారు, కండెన్సరు పోయిన ఫ్యాను అందులో పాత్రలు కావచ్చు. గుడ్డకు గంజీ, సుద్దా, చింతగింజల జిగురూ పట్టించి తయారుచేసే పటం కనుక గోడలా వెలిసిపోదు, చుట్టి దాచుకోవచ్చు, ఏటేటా విప్పవచ్చు. విద్యార్థుల చేత చేర్యాల “శైలి”లో గోడ మీద అనుకరణ మాత్రం వేయించకండి. అసలు చిత్రకారులు ఇక్కడికి రెండు మూడు గంటల దూరంలో పని లేక ఉండగా అది మర్యాద కాదు.

జవాబు: విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి

అనుమతుల గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. గోడ ప్రైవేటు వ్యక్తిదే అయితే యజమాని సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట ఇల్లు అమ్ముడుపోయే వరకే. ప్రభుత్వ గోడైనా, విద్యుత్ శాఖ పెట్టె అయినా ఆయా కార్యాలయాల అనుమతి లేకుండా కుంచె పెట్టకూడదు. వీధిలో నిప్పు, జనం, మైకు ఉంటాయి కాబట్టి పోలీస్ స్టేషనులో ముందుగా తెలియజేయండి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. మెట్ల కింద, మలుపులో, ఫుట్‌పాత్ మీద కూర్చుని పనిచేసేవారి ఉనికి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకపోవడం వలనే సాగుతూ ఉండవచ్చు. మీరు గోడలు తీర్చిదిద్ది, పత్రికలవారిని పిలిచి, వీధికి పేరు తెచ్చాక, “ఇంత అందమైన గోడ ముందు ఈ డబ్బాలేమిటి?” అని ఫిర్యాదు చేసే కొత్త నివాసి ఒకరు తప్పక వస్తారు. సుందరీకరణ పేరిట మొదలైన పని, ఎవరి బొమ్మ వేశారో వారినే లేపడంతో ముగిసిన సందర్భాలను నా ఉద్యోగకాలంలో చూశాను.

దీనికి చట్టంలో కొంత రక్షణ ఉంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం సరుకులు అమ్మేవారికే కాక, వీధిలో ప్రజలకు సేవలు అందించేవారికి కూడా వర్తిస్తుంది. చెప్పులు కుట్టేవారు, సాన పట్టేవారు దాని నిర్వచనంలోకి వస్తారు. వీధి విక్రేతల సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చే వరకు అప్పటికే ఉన్న విక్రేతలను ఖాళీ చేయించకూడదని అదే చట్టం చెబుతున్నది. కాబట్టి ముందుగా మీ సంఘం వీరిలో ఎవరెవరికి గుర్తింపు కార్డులున్నాయో చూసి, లేనివారి చేత మునిసిపల్ సర్కిల్ కార్యాలయంలో దరఖాస్తు చేయించాలి. రంగుల డబ్బా తెరవడం ఆ తరువాతి మాట.

చేతివృత్తులవారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన, 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి కూడా అడుగుతారని చెబుతున్నాను. అందులో 18 వృత్తులే ఉన్నాయి. చెప్పులు కుట్టేవారు, దర్జీలు, తాళాలు చేసేవారు ఆ జాబితాలో ఉన్నారు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం అందుతుంది. గడియారాలు, మిక్సీలు బాగుచేయడం మాత్రం ఆ 18లో లేదు. రఫూ చేసే పెద్దాయనను దర్జీగా పరిగణిస్తారేమో కామన్ సర్వీస్ సెంటరులో అడిగి చూడండి, కానీ ఆయనకు ముందే ఆశపెట్టకండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: రాంనగర్ నివాసి

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం సంఘం సమావేశంలో ఈ జవాబులన్నిటినీ చదివి వినిపించాము, పనివారిని కూడా పిలిచాము. ముఖచిత్రాల విషయం వారినే అడిగితే, చెప్పులు కుట్టే ఆయన ఒక్కరే వేయించుకుంటానన్నారు, అదీ తలపాగాతో. మిగతావారు బోర్డులే కోరుకున్నారు. రఫూ చేసే పెద్దాయన మాత్రం బోర్డు కూడా వద్దన్నారు. తన చేతిలో ఉన్న పనే పూర్తిచేయలేకపోతున్నారట, చూపు కూడా తగ్గుతున్నదట. ఎవరైనా పిల్లలు నేర్చుకోవడానికి వస్తే చాలునన్నారు. చీర అంచు మడతలోంచి అదే గుడ్డ దారం లాగి, దానితోనే చిరుగును నేయడం ఎలాగో ఆయన అక్కడే మా కార్యదర్శి చొక్కా మీద చేసి చూపించారు; చిరుగు ఎక్కడుండేదో తరువాత కార్యదర్శిగారే చూపించలేకపోయారు. కళాశాల విద్యార్థినులు ఇద్దరు ఆదివారాలు వచ్చి నేర్చుకుంటామన్నారు, ఆయనకు ప్రతి ఆదివారానికీ గురుదక్షిణగా కొంత సొమ్ము సంఘం ఇస్తుంది. ఇది మేము అనుకున్న కార్యక్రమంలో లేనే లేదు.

కళాయి పనిని దసరా ముందు ఆదివారానికి పెట్టుకున్నాము, పండుగకు గిన్నెలు ఎలాగూ కిందికి దిగుతాయి కాబట్టి. ధరల విషయంలో ఆ కుటుంబంతో మాట్లాడి తగరానికి ముందుగానే సొమ్ము ఇచ్చేశాము. గోడ పని దసరా తరువాతే. చేర్యాల పటానికి సొమ్ము సరిపోతుందో లేదో చిత్రకారులతో మాట్లాడాక తెలుస్తుంది. సరిపోకపోతే బోనాలకు తొట్టెల (వెదురు, రంగు కాగితాల అలంకారం) కట్టించడానికి బస్తీలో చందా వేసుకున్నట్లే దీనికీ మరొకసారి వేసుకుందామని బస్తీ యువకులు అన్నారు. గుర్తింపు కార్డులు ఇద్దరికి మాత్రమే ఉన్నట్లు తేలింది, మిగతా దరఖాస్తుల పని ఈ వారమే మొదలవుతుంది.

ఇక బోర్డుల పెయింటరు గారికి ఒక ప్రశ్న. సాన పట్టే ఆయనకు మా వీధిలో నిలకడైన చోటు లేదు, తొమ్మిది పది బస్తీలు తిరుగుతారు. గోడ మీద ఆయన పేరు రాస్తే మిగతా రోజుల్లో వచ్చినవారు వెతుక్కుని వెళ్లిపోతారు. ఆయనకు ఏం చేయవచ్చు?

జవాబు: బోర్డుల పెయింటరు

ఆయనది సైకిలు మీది సాన అయితే, స్టాండు వేసి పెడలు తొక్కితే రాయి తిరిగే రకం అయి ఉంటుంది. అటువంటి సైకిలుకు ముందు హ్యాండిలు కింద రేకు బోర్డు కట్టవచ్చు, వెనక కట్టకూడదు. తొక్కేటప్పుడు మోకాలు తగులుతుంది, నిప్పురవ్వలు పడి రంగు మాడిపోతుంది. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు పలుచటి రేకు చాలు. అంచులు మడతపెట్టించండి, పిల్లల చేతులు కోసుకోకుండా. రెండు వైపులా రాయాలి: ముందువైపు పని పేరు, ఫోను నంబరు, ఆయన వైపు ఏ రోజు ఏ బస్తీయో. నంబరు రాయడానికి ఆయన ఒప్పుకుంటేనే సుమా. రేకు తెచ్చి ఇవ్వండి, ఎర్రనేల మీద తెల్లక్షరాలు వేసి ఇస్తాను. ఎనామిల్ రెండు పూతలు ఆరడానికి నాలుగు రోజులు పడుతుంది కాబట్టి, ఆయన మీ వీధికి వచ్చే రోజులు ఏవో ముందుగా తెలియజేయండి.